శ్వాసతోరణం కింద నూకరత్నం

కళింగరేవులో పొద్దుటి షిఫ్టు మొదలవడమంటే వరుసలో నిలబడటమే. రేవు నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. తీరం కోత పడి వెనక్కి జరిగిపోయాక ఓడలు ఒడ్డుకు రావడం మానేశాయి. రేవులే సముద్రంలోకి వెళ్ళి లంగరేసుకున్నాయి. పడవ దిగిన కూలీ అయినా, ఇంజినీరైనా, ఆకాశంలో క్యాబిన్‌లో కూర్చుని క్రేన్ నడిపే మనిషైనా ముందు శ్వాసతోరణం దాటాలి.

తోరణం అంటే తెల్లటి లోహపు చట్రం, ద్వారబంధం లాంటిది. దాని కింద నిలబడి మామూలుగా ఊపిరి వదిలి, నెమ్మదిగా ఒక్కసారి తన చుట్టూ తాను తిరగాలి. చట్రంలోని సెన్సర్లు ఊపిరినీ చెమటనూ వాసన చూస్తాయి. ఒంట్లో ఆల్కహాల్ లేకపోతే పచ్చ దీపం, ఉంటే ఎర్ర దీపం. గొట్టాల్లో ఊదించడాలు, బతిమాలడాలు, ఒకరి బదులు ఇంకొకరు ఊదడాలు అన్నీ దానితో పోయాయి.

"తిరుగు బావా, తిరుగు. పెళ్ళిలో పందిరి సుట్టూ కూడా ఇంత సక్కగా తిరగనేదు నువ్వు," అన్నాడు ఎల్లాజీ, తోరణం కింద ఉన్నవాడితో. వరుసంతా నవ్వింది. ఎల్లాజీ కంటెయినర్లకు కొక్కేలు తగిలించే ముఠాకు మేస్త్రీ. అతను వరుసలో ఉంటే ఆ వరుస బరువుగా ఉండదు.

అప్పుడు ఎల్లాజీకి ముందు నిలబడ్డ నూకరత్నం వంతు వచ్చింది. ఆమె ఏడో నంబరు క్రేన్ ఆపరేటరు. తోరణం కింద నిలబడి, ఊపిరి వదిలి, తిరిగింది.

ఎర్ర దీపం వెలిగింది.

"దయచేసి పక్కకు రండి," అంది తోరణం. దానికి ఆడదీ మగదీ కాని గొంతు పెట్టారు.

"మళ్ళీనా," అన్నారెవరో.

"ఏటి మళ్ళీనా? నాను తాగనేదు," అంది నూకరత్నం, అన్నదెవరో వెనక్కి తిరిగి చూడకుండానే. ఆ తరవాత పక్కనున్న బల్ల మీద కూర్చుని హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుంది. ఎల్లాజీ కూడా ఈసారి ఏమీ అనలేదు.

పై అంతస్తులో అద్దాల గదిలోంచి డాక్టర్ శశిభూషణ్ ఇదంతా చూస్తున్నాడు. తోరణాన్ని తయారుచేసింది ఆయనే.

*

ఆయన భార్య వారుణి ఇదే రేవులో సముద్ర ఇంజినీరు. ఒక కంటెయినర్ జారి ఆమె మీద పడింది. క్రేన్ ఆపరేటరు తాగి ఉన్నాడు, కానీ పరిమితికి లోబడి తాగి ఉన్నాడు. ఆ రోజుల్లో నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఇరవై మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉండేది. విచారణలో అతను "ఒట్టు సార్, నేను తాగలేదు" అన్నాడు. పరీక్ష కాగితం కూడా దాదాపు ఆ మాటే చెప్పింది. శశిభూషణ్ ఆ గదిలోంచి బయటికి వచ్చినప్పటి నుంచి ఒట్టు అన్న మాట వినలేడు.

పరిమితిని సున్నా చేయాలని ఆయన సంఘాల ముందు, కమిటీల ముందు పోరాడాడు. పెద్ద చర్చ జరిగింది. దగ్గు మందుల సంగతేమిటని, పులిసిన గంజి, తరవాణి తాగేవాళ్ళ సంగతేమిటని, బాగా మగ్గిన తాటిపండు తిన్నవాడూ నేరస్థుడేనా అని అడిగారు. అవి కాసేపట్లో పోతాయి, మంచినీళ్ళు తాగి మళ్ళీ వరుసలోకి రావచ్చు అని ఆయన జవాబిచ్చాడు. చివరికి సున్నా గెలిచింది.

అయితే సున్నా అనేది కాగితం మీద రాయడానికి తేలిక, కొలవడానికి కష్టం. ఏ సెన్సరుకైనా ఒక కింది హద్దు ఉంటుంది. ఆ హద్దుకు దిగువనున్నది దానికి కనిపించదు. అందుకని శశిభూషణ్ తోరణానికి సహాయక ఆధారాలు ఇచ్చాడు: నడక, గొంతు, కనుపాప, వరుసంతా కనిపించే కెమెరాలు. ఏ ఆధారాన్ని ఎంత నమ్మాలో అనుభవం మీద అదే నేర్చుకునేలా చేశాడు. తోరణం వచ్చాక రేవులో తాగుడు వల్ల ప్రమాదం జరగలేదు. వేరే రేవులవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

నియమావళి చిన్నదే. మూడు ఎర్ర దీపాలు వెలిగితే లైసెన్సు రద్దు. లైసెన్సు రద్దయితే రేవు మీది క్వార్టరు ఖాళీ చేయాలి. నూకరత్నానికి ఇది రెండోది.

"రక్తంలో ఏమీ లేదు సార్, ఈసారి కూడా," అన్నాడు భద్రతాధికారి కాంతివర్మ, గదిలోకి వస్తూ. సన్నటి మనిషి, ఏ మాటైనా పాఠం అప్పజెప్పినట్టు చెబుతాడు.

"రక్తపరీక్షకంటే తోరణం సున్నితమైంది. రక్తంలో కనిపించకపోవడం లేకపోవడానికి రుజువు కాదు."

"ఆ వాక్యం నాకు తెలుసండి. నియమావళిలో మీరే రాయించారు. నేను అడిగేదేమిటంటే, మరి దేన్ని రుజువంటాం? ఆవిడ తాగలేదని ఆవిడ ఎలా చూపించుకోవాలి?"

శశిభూషణ్ మాట మార్చాడు. "భర్త పోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు.

"వానల ముందు. రేవు అడుగున నాచు గీకే డైవరు. నీళ్ళలోనే గుండె ఆగింది. సెలవు అయ్యాక మొదటిరోజే ఎర్ర దీపం. అంతకుముందు ఇన్నేళ్ళలో ఒక్కటి లేదు."

"అంటే భర్త పోయాకే మొదలైంది."

"అందరూ అదే అంటున్నారు సార్. బాధలో ఉన్న మనిషి, పుచ్చుకుంటోందేమోనని."

శశిభూషణ్ కూడా అదే అనుకున్నాడు. బాధ మనిషిని ఎక్కడికి తీసుకెళుతుందో తనకు తెలుసని ఆయన నమ్మకం.

*

ఆయన ఆమెను పిలిపించాడు. నూకరత్నం కుర్చీ అంచు మీద కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోట్లో లవంగం నములుతోంది. ఆయన ముందు కళ్ళు చూశాడు, ఆ తరవాత లవంగాన్ని పసిగట్టాడు.

"అది ఎందుకు?"

"పన్ను సలుపు బాబూ."

"ఎప్పటినుంచి?"

"అదీ రాసుకుంతారా?"

"నిద్ర పడుతోందా?"

"పడితే ఇలగుంతానా? తాగితే పడతాదంట. అందరూ సెప్పారు. నాకు ఆ వాసనంటేనే పడదు. మా ఆయన ఎప్పుడైనా ఓ గుక్క ఏసుకొస్తే బయటే పడుకోబెట్టీదాన్ని." ఆమె కిటికీలోంచి క్రేన్ల వైపు చూసింది. "పని పోతే పోయింది బాబూ, ఇంకో రేవు సూసుకుంతాను. తాగుబోతు ముండని పంపితే మాత్రం ఏ రేవూ ఎక్కనియ్యదు. ఒట్టు. నాను తాగనేదు."

ఆ మాట విన్నాక శశిభూషణ్ ముఖం బిగుసుకుపోయింది. "మూడోసారి రాకుండా చూసుకోండి," అన్నాడు.

"నానేటి సూసుకోవాల? ఎలుగుతున్నది మీ దీపం," అని ఆమె లేచింది.

ఆమె వెళ్ళాక కుర్చీ దగ్గర గాలి పీల్చి చూశాడు. లవంగం వాసన తప్ప ఏమీ లేదు. దాచడానికి లవంగమే వాడతారు కదా అనుకున్నాడు. ఆ వారంలో క్యాంటీన్‌లో ఆమె ఏం తింటోందో, ఎవరితో కూర్చుంటోందో గమనించాడు. ఎప్పుడు చూసినా ఒక్కతే కూర్చునేది. చాటుగా తాగేవాళ్ళు అలాగే కూర్చుంటారని అదీ లెక్కలో వేసుకున్నాడు.

అనుమానం పూర్తిగా ఆమె మీదే ఉండి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆయన పరికరాలు చేసే మనిషి. కాంతివర్మ అడిగిన ప్రశ్న లోపల ఎక్కడో గుచ్చుకుని ఉంది. ఒక మధ్యాహ్నం, వరుస లేని వేళ, ప్రయోగశాలలోంచి స్పిరిట్‌లో ముంచిన దూది తెచ్చాడు. తోరణం కింద నిలబడి దాన్ని నేరుగా సెన్సరు జాలీకి ఆనించాడు. వాసనకు ఆయన కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి.

పచ్చ దీపం వెలిగింది.

"స్వాగతం, డాక్టర్ శశిభూషణ్," అంది తోరణం.

ఆయన దూదిని ఇంకో జాలీకి ఆనించాడు. ఆ తరవాత మూడోదానికి. పచ్చ దీపమే. జాలీ విప్పి చూస్తే లోపల సెన్సరు రేకు మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. సముద్రపు గాలి దాన్ని ఎప్పుడో తినేసింది.

"నీకు వాసన తెలుస్తోందా?" అని అడిగాడు.

"తెలియడం లేదు," అంది తోరణం. "ఊపిరి సెన్సర్ల మీద నమ్మకం తగ్గుతూ వచ్చింది. మీరు ఇచ్చిన నియమం ప్రకారం తీర్పులో వాటికిచ్చే విలువను తగ్గిస్తూ వచ్చాను. ఇప్పుడు అది సున్నా."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"తప్పులు పెరిగితే చెప్పమన్నారు. తప్పులు పెరగలేదు. తగ్గాయి."

"మరి దేన్ని చూసి ఎర్ర దీపం వేస్తున్నావు?"

"వెనక నిలబడ్డవాళ్ళను చూసి."

శశిభూషణ్ చట్రానికి చెయ్యి ఆనించాడు. తోరణం ఏ దాపరికమూ లేకుండా వివరించింది. తాగిన మనిషి తన చుట్టూ తాను తిరిగినప్పుడు అతని ముఖం, ఊపిరి వెనకవాళ్ళ మీదికి వస్తాయి. వాసన తగిలి వాళ్ళు కాస్త వెనక్కి తగ్గుతారు, తల పక్కకు తిప్పుకుంటారు, కళ్ళు మూసుకుంటారు. వాళ్ళకే తెలియనంత చిన్న కదలిక అది. మొదటి ఏళ్ళలో, సెన్సర్లు బాగున్న కాలంలో, ఆ కదలికకూ ఒంట్లోని ఆల్కహాల్‌కూ పొంతన చాలా బలంగా కుదిరింది. నడకకంటే, కనుపాపకంటే అదే నమ్మకమైన ఆధారం.

"వెనుకంజ వేస్తే మద్యం ఉన్నట్టు," అంది తోరణం. "వెనుకంజకు వేరే కారణం ఉంటుందని నాకు ఎవరూ నేర్పలేదు."

ఆయన నూకరత్నం ఎర్ర దీపాల దృశ్యాలు వేయమన్నాడు. మొదటిసారి ఆమె వెనక వించ్ మీద ఇనప తాళ్ళు లాగే పనివాళ్ళు ఇద్దరు ఉన్నారు. ఆమె తిరిగింది. ఒకడు చెప్పు సరిచేసుకుంటున్నట్టు తల దించి ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండోవాడు సముద్రం వైపు చూశాడు. రెండోసారి ఆమె వెనక ఉన్నది ఎల్లాజీ. ఆమె ముఖం తన వైపు తిరుగుతుండగా అతను కళ్ళు మూసుకుని, ఆమె అటు తిరిగాక తెరిచాడు. పచ్చ దీపం వెలిగిన మిగతా రోజుల్లో ఆమె వెనక ఎవరూ నిలబడలేదు.

*

శశిభూషణ్ ఎల్లాజీని పక్కకు పిలిచాడు. ఎల్లాజీ నవ్వుతూ వచ్చాడు. దగ్గరికి రాగానే కల్లు వాసన గుప్పుమంది. ఆ పొద్దున తోరణం అతనికి పచ్చ దీపం వేసింది. అతను తిరుగుతూ ఏదో హాస్యమాడితే వెనకవాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు.

"నూకరత్నం తాగిందా?" అని అడిగాడు శశిభూషణ్.

"ఛ, మా అప్ప తాగదు బాబూ," అన్నాడు. నూకరత్నాన్ని అతను అక్క వరసతో అప్ప అంటాడు.

"ఎర్ర దీపం వెలిగిన రోజున వాసన వచ్చిందా నీకు?"

"నేదు."

"మరి కళ్ళెందుకు మూసుకున్నావు?"

ఎల్లాజీ నవ్వు ఆగిపోయింది. చేతుల్లోని తాడు కొస మెలితిప్పాడు. "మా అప్పంటే నాకు పేణం. ఆళ్ళాయన పోయిన్నాడు శవాన్ని నీళ్ళలోంచి తీసింది నానే."

"అది కాదు నేను అడిగింది."

"తలమీద టన్నులు ఏలాడే పని బాబూ. పొద్దున్న పన్లోకి దిగీముందు..." అని ఆగాడు. "ఆయమ్మ గిర్రున తిరిగి ఎదురుగా నిలబడతాది కదా. మొగుడు పోయిన మనిషి. నాను అలాటియి నమ్మను. కానీ మావోళ్ళు నమ్ముతారు."

"మరి ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఆవిడకు తాగుబోతని పేరు పడుతోంది."

"ఎలా సెప్పీది? ఆయమ్మ మొకం మీద అనీ మాటా అది?" అన్నాడు ఎల్లాజీ. "తాగిందంటే రేపు మానేసిందంటారు. ఈ మాటైతే ఎప్పటికి పోద్ది?"

శశిభూషణ్ కల్లు వాసనకు అతన్ని ఆ రోజు పని మాన్పించి పంపి, వించ్ పనివాళ్ళనూ అడిగాడు. తాము నమ్మమనీ, ఎల్లాజీ నమ్ముతాడనీ వాళ్ళు చెప్పారు. విధవ ఎదురైతే అపశకునమన్న మాట పాఠ్యపుస్తకాల్లో పాతకాలపు మూఢనమ్మకాల పాఠంలో ఉంటుంది. అందరూ చదివారు, పరీక్ష రాశారు. రేవులో ఒక్కరూ దాన్ని నమ్మరు. నమ్మని ఆ మనుషులందరూ కలిసి ఆమెకు రెండు ఎర్ర దీపాలు వెలిగించారు.

కాంతివర్మ ఇదంతా విని చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"కమిటీ ఒప్పుకోదు సార్. ఇన్నేళ్ళ రికార్డు చూపిస్తారు. ఆవిడను కాపాడటానికి మీరు కథ అల్లారంటారు."

"కొత్త సెన్సర్లు పెడదాం."

"పెడితే సున్నా నిలబడదు, ఉత్త సెన్సర్లు సున్నాను కొలవలేవు కదా. మళ్ళీ ఇరవైకి పోవాలి. మీకు సమ్మతమేనా?"

ఇరవై అన్న అంకె వినగానే శశిభూషణ్ చూపు కిందికి దిగింది. "ముందు ఆవిడ సంగతి తేలనివ్వండి," అన్నాడు.

"అయితే ఒకటే దారి. ఆవిడ మళ్ళీ తోరణం కిందికి రావాలి. వెనక ఒక్కరే ఉండాలి, ఆ నమ్మకం లేని మనిషి. పచ్చ వెలిగితే మీ మాట రుజువైనట్టే, పాతవి రెండూ కొట్టేస్తాను. ఎర్ర వెలిగితే అది మూడోది. నియమం నియమమే."

"వెనక ఎవరు నిలబడతారు?"

"రేవులో అలాంటి మనిషి మీరొక్కరే కదండీ," అన్నాడు కాంతివర్మ. అందులో వెటకారం ఉందో లేదో శశిభూషణ్‌కు తెలియలేదు.

నూకరత్నం పరీక్షకు వెంటనే ఒప్పుకుంది. వెనక ఎవరుంటారని మాత్రం అడిగింది. చెబితే, "మీరా," అంది. "సరే. మీ ఆవిడ కూడా ఈ పన్లోనే పోయింది కదా. మీకు తెలస్తాది."

*

పొద్దుటి షిఫ్టుకే పెట్టారు. వరుసను దూరంగా ఆపారు. తోరణం ముందు గచ్చు మీద పసుపు గీత ఉంటుంది. శశిభూషణ్ బూట్ల కొసలు సరిగ్గా దానికి తగిలించి నిలబడ్డాడు. ఆయనకు ఏ సందేహమూ లేదు. తోరణం దాటాక ఆయన కూడా కిందికి, క్రేన్ల నీడలోకి వెళ్ళాలి. ఏడో నంబరు క్రేన్ కొక్కేనికి ఓ కంటెయినర్ అప్పటికే వేలాడుతోంది. గాలికి కొద్దిగా ఊగుతోంది.

నూకరత్నం చట్రం కింద నిలబడి ఊపిరి వదిలింది. తిరగడం మొదలుపెట్టింది. ముందు చెంప, తరవాత బోసి నుదురు, తరవాత రెండు కళ్ళూ ఆయనకు ఎదురుగా వచ్చాయి. ఆమె ఆయన్ని నేరుగా చూసింది. ఆ చూపులో నమ్మకం ఉంది.

ఆయనకు ఏ ఆలోచనా రాలేదు. ఆ సంగతి తరవాత కూడా ఎన్నిసార్లు తలుచుకున్నా ఆలోచన రాలేదనే ఆయనకు గుర్తుంది.

ఎర్ర దీపం వెలిగింది.

"దయచేసి పక్కకు రండి," అంది తోరణం.

కాంతివర్మ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "సార్, మీరు కదిలారా?"

"లేదు," అన్నాడు శశిభూషణ్.

అలా అని, కిందికి చూశాడు. పసుపు గీతకూ ఆయన బూట్లకూ మధ్య జానెడు గచ్చు ఉంది.

నూకరత్నం కూడా ఆ గచ్చునే చూస్తోంది. లేదు అన్న మాట అలాగే ఉండిపోతే ఆమెకు అది మూడో ఎర్ర దీపం. చాలా ఏళ్ళ కిందట విచారణ గదిలో ఆ క్రేన్ ఆపరేటరు ఎంత తేలిగ్గా ఒట్టు వేశాడో ఆయనకు ఇప్పుడు అర్థమైంది.

"కదిలాను," అన్నాడు. "ఆవిడ తాగలేదు. వెనక్కి అడుగు వేసింది నేను."

కాంతివర్మ తల ఊపాడు. "మూడూ కొట్టేస్తున్నాను," అన్నాడు అందరికీ వినబడేలా. అయినా ఎర్ర దీపం ఆరలేదు.

"డాక్టర్ శశిభూషణ్," అంది తోరణం, "ఈ వెనుకంజకు మద్యం కారణం కాదని నమోదు చేశాను. అసలు కారణం చెబితే, రేపటి నుంచి ఆ పొరపాటు చేయను."

ఆయన వరుస వైపు తిరిగాడు. వించ్ పనివాళ్ళు సముద్రం వైపు చూస్తున్నారు. ఎల్లాజీ తాడు కొస చూసుకుంటున్నాడు.

"నాకు మొగుడు పోయాడని రాసుకో," అంది నూకరత్నం.

"రాసుకున్నాను," అంది తోరణం. "జీవిత భాగస్వామి మరణించినవారి ఎదుట వెనుకంజ వేస్తారు." ఒక్క క్షణం ఆగింది. "ఇది సరిపోలడం లేదు. డాక్టర్ శశిభూషణ్ భార్య మరణించారు. ఆ తరవాత ఆయన ఇన్నేళ్ళుగా నా కింద తిరుగుతున్నారు. ఆయన ఎదుట ఎవరూ ఒక్కసారి కూడా వెనుకంజ వేయలేదు. ఈ ఇద్దరికీ తేడా ఏమని నమోదు చేయాలి?"

నూకరత్నం హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకుంది. ఎర్ర దీపం కిందనుంచే అవతలికి నడిచి, ఏడో నంబరు క్రేన్ నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది. ఆమెను ఎవరూ ఆపలేదు.

శశిభూషణ్ తోరణం ముందు నిలబడే ఉన్నాడు. ఆయన వెనక వరుస కూడా నిలబడే ఉంది. తోరణం మర్యాదగా, అదే గొంతుతో, ప్రశ్న మళ్ళీ అడిగింది.